వేపాకు మీద మూడు రోజులు

నిన్న మా మనవడి వీపు మీద నాలుగు నీటిపొక్కులు కనిపించగానే, కోడలు డాక్టరుకు ఫోన్ చేసి మాత్రలు తెప్పించి, "వైరస్సేనండి అత్తయ్యగారూ, వారంలో తగ్గిపోతుంది" అని తన పనిలో పడిపోయింది. ఆమె నోట అంత తేలిగ్గా వచ్చిన ఆ మాట విని సంతోషించవలసిందిపోయి, నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఎవరి మీదో చెబుతాను. చాలా ఏళ్ళ కిందట మా తమ్ముడికి రక్త క్యాన్సర్ వస్తే, నా మూలుగ సరిపోయిందని హైదరాబాదులో నా ఎముకల్లోంచి తీసి వాడికి ఎక్కించారు. అది వాడి ఒంట్లో చక్కగా పట్టింది, ఏడాది దాటేసరికి జబ్బు జాడ లేదన్నారు, మందులు తగ్గించారు, పెద్దాపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. వాడి ఒంటికి ఇంకా తట్టుకునే శక్తి రాలేదనీ, ఏ వైరస్ సోకినా ప్రాణం మీదికి వస్తుందనీ, ఒక్క పొక్కు లేచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. నేను సైన్సు టీచరుని కదా, బోర్డు మీద వైరస్ బొమ్మ వేసి ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని!

పొక్కులు లేచాయి. అమ్మ చూసి చెంపలు వేసుకుని, "అమ్మవారు పోసిందే, మందూ మాకూ అని నోరు జారకు" అంది. అంతే, నేను నోరు మూసుకున్నాను. వైరస్ అన్నది బడిలో మాట, అమ్మవారన్నది ఇంట్లో మాట. ఆ రెండూ ఒకటేనని పిల్లలకు చెప్పిన నాకు, మా గుమ్మం లోపల ఆ సంగతి చెప్పడానికి నోరు పెగల్లేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, పక్క మీద వేపాకు పరిచి, ఇంట్లో పోపు వాసనైనా రానివ్వకుండా, వాడు "ఊపిరాడట్లేదక్కా" అంటుంటే మూడు రోజులు మరిడమ్మ తల్లికి మొక్కుతూ కూర్చున్నాం.

నాలుగో రోజు అమ్మతో దెబ్బలాడి కాకినాడ తీసుకెళ్ళాను. వైరస్‌ను అణిచే మందు నరంలోకి ఎక్కించారు గాని, అప్పటికే అది ఊపిరితిత్తుల్లోకి పాకిపోయింది. క్యాన్సర్ నుంచి బయటపడినవాణ్ణి మేమే వేపాకు మీద పడుకోబెట్టి పోగొట్టుకున్నాం. అమ్మ మాత్రం తాను పోయేదాకా నన్నే తిట్టింది, సూదులు పొడిపించానని, తల్లికి కోపం వచ్చి తీసుకుపోయిందని. ఆ తిట్లకు నేను ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

మా కోడలి పుట్టింట్లోనూ ఒకప్పుడు అమ్మవారనే అనేవారట. ఆ మాట ఎప్పుడు మారిందో ఆమెకు గుర్తు లేదు. నాకు మాత్రం అది మారవలసిన రోజు బాగా గుర్తుంది. మార్చవలసిన నోరు నాదే.