పిల్లి నాలిక కింద పట్టుదారం

నేను నాలుగో తరగతిలో బడి మానేసిన దినం మా మేష్టరు సంతోషం పట్టలేక బడికి సెలవిచ్చినాడని ఊర్లో చెప్పుకుంటారు. అబద్ధం. ఆయన ఇచ్చింది ఒంటిపూటే.

అంత చదువు చదివిన నేను ఒకసారి వైద్యం కూడా చేసినాను, మా అమ్మ పిల్లికి. అప్పుడు మేముండేది శిడ్లఘట్టలో. అమ్మ ఇంట్లోనే పట్టుగూళ్లు ఉడకేసి దారం తీసేది. దారం తీసినాక గూట్లో మిగిలే పురుగు పిల్లికి పండగ భోజనం. మా నాయన పోయినప్పటి నుంచి అమ్మకు మాటాడే తోడు అదే. నేనున్నా గానీ, నాతో మాటాడితే జవాబు వస్తాది, అదే తంటా.

ఆ పిల్లి మూడు దినాలు పాలు ముట్టలేదు. అమ్మా సరిగ్గా తినలేదు. నేను మిరపకాయలతో దిష్టి తీసినాను. పిల్లి బాగుపడలేదు, పక్కింటివాళ్లు మాత్రం బాగా దగ్గినారు. నాలుగో దినం అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఇది కూడా పోతే నేనెట్ల ఉండేదిరా?" అనింది. నేను మిరపకాయలు అవతల పారేసి, డాక్టరు ఎక్కడుంటాడో కనుక్కొచ్చినాను.

గొడ్ల డాక్టరు చింతామణిలో ఉండేవాడు. చిన్న రైలెక్కినాం. పిల్లి అడ్డమొస్తే పయనమే మానుకునే జనం, పిల్లే పక్కన కూర్చుంటే ఊరుకుంటారా? అందుకని దాన్ని గూళ్ల బుట్టలో పెట్టి పైన పంచె కప్పినాను.

ఎదురుగా ఒక గూళ్ల వ్యాపారి, శెట్టి. మా వైపు ఊర్లలో కప్పిన గూళ్ల బుట్ట కనపడితే వ్యాపారులు అడిగేదేమీ లేదు. చెయ్యి పెట్టి ఒక గూడు తీసి, చెవి దగ్గర ఊపి, లోపల పురుగు కదిలే చప్పుడు వింటే సరుకెట్లాంటిదో తెలిసిపోతాది. శెట్టి కూడా వానల మాట మాటాడతానే చెయ్యి లోపలికి పోనిచ్చినాడు. ఊపే పని పడలేదు. చప్పుడు రైలు పెట్టెలో అందరికీ వినపడింది.

పిల్లి పంచె తోసుకుని లేచి నోరంతా తెరిచి బుస కొట్టింది. అందరూ నన్ను తిడతాంటే, అమ్మ మాత్రం దాని నోట్లోకి వంగి చూసింది.

"నాలిక కింద దారం ఉండాదిరా."

పురుగుతో పాటు పోయిన దారం నాలిక మొదట్లో చుట్టుకుని బిగుసుకుంది. కొస పట్టుకుని లాగబోతే అమ్మ నా చేతి మీద ఒకటేసింది. ఎండిన పట్టుదారం కత్తి మాదిరి కోస్తాదంట.

ఆస్పత్రిలో డాక్టరు కూడా లాగబోయినాడు. అమ్మ ఆయన్ని కొట్టలేదు గానీ, ముందు గోరువెచ్చని నీళ్లతో తడపమనింది. ఆయన విన్నాడు. దారం మెత్తబడినాక చిన్న కత్తెరతో తుంచితే చులాగ్గా వచ్చేసింది. కాసేపటికి పిల్లి అరుగు మీద పాలు తాగింది, అమ్మ కాఫీ తాగింది. శెట్టి కూడా మా వెనకే వచ్చి, వరసలో రెండు ఎద్దుల తర్వాత పిల్లి కొరికిన తన వేలికి మందు రాయించుకున్నాడు.

ఊరికొచ్చినాక పిల్లిని బతికించింది నేనేనని వీధంతా చెప్పినాను. చింతామణి దాకా మోసిందెవరు మరి? అమ్మ అనపకాయలు ఒలుస్తా, తలెత్తకుండానే అనింది:

"మోసింది బుట్టరా. అది నీ మాదిరి చెప్పుకోని తిరగలేదు."