గ్యాసునూనెలో చీపురు పుల్ల

మహబూబ్‌నగర్ స్టేషన్‌లో ఒకామె పంపు స్టవ్ మీద చాయ్ కాస్తుంటే, ఆమె భర్త మంటకు గాలి తగలకుండా తన తువ్వాలను అడ్డం పట్టుకుని కూర్చున్నాడు. నాకు అక్కడే కడుపు మండింది. మా ఆయన నన్ను పుట్టింటి రైలు కోసం కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు మరి.

"ఎటు పోతున్నరక్కా?"

"రామేశ్వరం. తొవ్వల ఏడ జాగ నచ్చితె ఆడ దిగుతం, వండుకుంటం."

ఆమె స్టవ్‌లో పోసే గ్యాసునూనె డబ్బాలో చీపురు పుల్ల ముంచి, ఎంతమేర తడిసిందో భర్తకు చూపించింది.

"మదురై దాక ఫికర్ లేదు," అంది.

"పొద్దుగాల చాయ్ బంద్ జేస్తె రామేశ్వరం దాక వస్తది," అన్నాడాయన.

"చాయ్ బంద్ జేసుడు మాత్రం లేదు!"

ఇద్దరూ నవ్వారు. నా వైపు గ్లాసు చాపి, "జర తాగు చెల్లె," అంది. అలవాటు లేదని అబద్ధమాడాను. వాళ్ల చాయ్ నా గొంతు దిగేది కాదు.

పుట్టింటి నుంచి తిరిగొచ్చి ఏళ్లు గడిచినా, ఇంట్లో గ్యాసునూనె డబ్బాలో పుల్ల ముంచి చూడందే నేను స్టవ్ ముట్టించను.

"ఇంట్ల వండనీకి గా కొలతలెందుకే?" అంటాడు మా ఆయన.

"మదురై దాక ఫికర్ లేదు," అంటాను.