మస్తానన్న వాచీ చూసుకుంటూ పడిపోలేదు

నిన్న పొద్దున గూడూరులో షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోన్.

"రఫీ, మస్తానయ్య రొయ్యల గుంతలో పడినాడంట. ప్రాణం పొయ్యింది రా."

ఏ మస్తానయ్య అని అడిగాను. నిజంగానే అడిగాను. ఇంకెవరైనా అయి ఉంటే బాగుండని.

ఆయన గుంతలున్న చిట్టమూరు దాకా బండి ఎట్లా నడిపానో గుర్తు లేదు. వెళ్ళేసరికి కట్ట మీద పడుకోబెట్టి తుండు కప్పి ఉంచారు. ఒళ్ళంతా బురద.

నిన్న మధ్యాహ్నం నుంచి గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. వాచీ చూసుకుంటూ నడిచాడంట, కాలు జారాడంట, వాచీల పిచ్చే ప్రాణం తీసిందంట. దాని కింద నవ్వే బొమ్మ కూడా పెట్టాడొక మహానుభావుడు.

సిగ్గుండాలి.

అందుకే ఈ పోస్ట్. చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలంటే నన్ను తిట్టండి.

తెలియని వాళ్ళకి చెప్తున్నా. మస్తానన్న రొయ్యల రైతు. నేను వాచీలు బాగుచేసేవాణ్ణి, మా నాన్న పెట్టిన షాపు. పన్నెండేళ్ళ స్నేహం మాది.

రొయ్యలు అమావాస్యకీ పౌర్ణమికీ పెంకు విడుస్తాయి. ఒళ్ళు మెత్తగా ఉన్న ఆ రోజుల్లో ఇట్టే చచ్చిపోతాయి, రైతుకి కంటి మీద కునుకుండదు. అన్న వాచీల పిచ్చి అక్కడే మొదలైంది. డయల్ మీద చంద్రుడు తిరిగే మూన్ ఫేజ్ వాచీ కొన్నాడు. స్విట్జర్లాండ్ సరుకు. బ్యాటరీ లేదు, లోపలంతా పళ్ళచక్రాలే.

రమణమ్మ వదిన ఆ రోజు నాతో అంది: "గోడ మీద క్యాలెండర్‌లో ఊరికే వచ్చే అమావాస్యని లక్షలు పోసి చేతికి కట్టుకున్నాడు చూడబ్బయ్యా!"

అన్న పగలబడి నవ్వాడు. నవ్వి ఆగాడా? లీపు సంవత్సరం కూడా తనే లెక్కేసుకునే క్యాలెండర్ వాచీ తెచ్చాడు. ఆ తర్వాత మినిట్ రిపీటర్. దాని పక్కనున్న మీట జరిపితే లోపల చిన్న సుత్తులు కొట్టి టైమ్ వినిపిస్తాయి. గంటలకి లావు గొంతు, నిమిషాలకి సన్న గొంతు, పావుగంటలకి రెండూ జతగా.

రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి పంట మొత్తం పోయిన ఏడాది కూడా ఒక్క వాచీ అమ్మలేదు మనిషి.

పోయిన వేసవిలో షాపుకొచ్చి మూన్ ఫేజ్ నా ముందు పెట్టాడు. "అద్దం మసకేసింది రఫీ, మార్చు."

లెన్స్ పెట్టి చూశాను. అద్దం మీద గీత కూడా లేదు. ఏదో గుడ్డతో తుడిచి ఇచ్చాను.

నెలకి మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండు వాచీలు. రెండిటి అద్దాలూ మసకేశాయట.

అప్పుడు నాకు విషయం అర్థమైంది.

"అన్నా, అద్దాలు బాగుండాయి" అన్నాను.

వాచీలు రెండూ తన వైపు లాక్కున్నాడు. తర్వాత చెప్పాడు. "షుగర్ కంటికెక్కింది రా. ఎడమది పొయ్యింది. కుడిదాంట్లో నీడలు కనపడతా ఉండాయి, అంతే. మీ వదినకి చెప్పబాక. చెప్తే నన్ను కట్ట ఎక్కనీదు. కట్ట ఎక్కకుండా ఇంట్లో కూర్చోని ఏం చేసేదబ్బయ్యా నేను?"

చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను, వెధవని.

అంతటితో ఊరుకున్నానా? రిపీటర్‌ని చెవితో చదవడం దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. మూడు లావువి, రెండు జతలు, ఐదు సన్నవి. "మూడూ ముప్పై ఐదు!" అని అరిచాడు. ఇద్దరం సంబరపడిపోయాం.

అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, మేత కొట్టు దగ్గర మీట జరిపి మోగించేవాడు. డబ్బు మదం అన్నారు. టైమ్ అడిగితే బాజా మోగిస్తాడు అని ఎగతాళి చేశారు. నవ్వి ఊరుకునేవాడు. డయల్ కనపడటం లేదని మీకెవరికీ తెలియకపోతే చాలు ఆయనకి.

ముప్పై ఏళ్ళు తిరిగిన కట్టలు కాబట్టి కళ్ళు లేకపోయినా కాళ్ళు నడిపించేవి.

మొన్న సాయంత్రం పైపు వెయ్యడానికి కట్టని అడ్డంగా తవ్వారు. ఇవాళ చెయ్యాల్సిన పని ముందే మొదలుపెట్టారు. అన్నకి ఆ సంగతి తెలీదు, నిన్న తెల్లారి ఆ తవ్విన చోటే కాలు పడి గుంతలోకి పోయాడు. పనివాళ్ళని అనకండి. చూపున్న మనిషి ఎవరైనా చూసి దాటతాడు. ఆయనకి చూపు లేదని వాళ్ళకి తెలీదు.

నాకు తెలుసు.

నిన్న ఆయన చేతికున్నది మూన్ ఫేజ్. రిపీటర్ సర్వీసింగ్ కోసం నా టేబుల్ మీద విప్పి ఉంది. మూన్ ఫేజ్ మోగదు. అందులో ఆయనకి ఏమీ కనపడదు. ఉత్త చేతితో తిరిగితే వదినకి అనుమానం వస్తుందని కట్టుకున్నాడు. కనపడని వాచీని చూసుకుంటూ ఎట్లా నడుస్తాడయ్యా?

నిన్న ఆ కట్ట మీద వదిన నన్ను చూసింది. "నువ్వే కదా ఆ వాచీలకి నూనె పోసి బతికించినావు. తీసుకపోయి సముద్రంలో పారెయ్, అన్నీ పారెయ్" అని గుండెలు బాదుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. బండెక్కి వచ్చేశాను.

వదినా, అన్నని తీసుకెళ్ళింది వాచీలు కాదు. నేను నీకు చెప్పి ఉంటే కంటికి ఇంజెక్షన్లు వేయించేదానివి. కట్ట మీద చెయ్యి పట్టుకుని నడిపించేదానివి. ఆయన నన్ను బూతులు తిట్టేవాడు. జన్మలో నా షాపు మెట్లు ఎక్కేవాడు కాదు. కానీ ఉండేవాడు వదినా.

నేనేమో దీన్ని స్నేహం అనుకున్నాను.

ఆ మెసేజ్ పంపినవాళ్ళు దయచేసి తీసెయ్యండి. ఎవర్నో ఒకర్ని అనాలని ఉంటే ఆయన పేరు కొట్టేసి నా పేరు రాసుకోండి.

అన్నా, నీకిచ్చిన మాట ఇవాళ తప్పాను. మొన్న తప్పి ఉంటే బతికుండేవాడివి.

ఇక ఎవరి దగ్గరా ఏదీ దాచుకోనక్కర్లేదు నీకు. నెమ్మదిగా పడుకో అన్నా.