మా మిల్లు భూతవైద్యుడు

మా మిల్లు ఆఫీసులో హెడ్ టైపిస్టుకి ఒకటే జబ్బు. జరిగిపోయిన సంగతిని ఎవరైనా ఇంగ్లీషులో తప్పుగా రాస్తే ఆయనకి అన్నం సయించదు. భూతకాలాలకి వైద్యం చేస్తాడు గనక ఆయనకి భూతవైద్యుడని పేరు పెట్టాం. ఆ పేరు విని మురిసిపోయాడు గాని, మా సెలవుచీటీలని మాత్రం వదిలిపెట్టలేదు.

నేను అదే గదిలో టెలిఫోన్ ఆపరేటర్ని. మా అత్తగారు పోయినప్పుడు ఏడుస్తూనే చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"అమ్మాయ్, నిన్న అని రాసి 'హాజ్ డైడ్' అన్నావు. నిన్న అన్నాక 'హాజ్' రాకూడదు. 'డైడ్' చాలు."

"ఎలా రాసినా ఆవిడ పోయారు కదండీ మాస్టారూ."

"పోయారు. సరిగ్గా పోవద్దూ?"

ఆ మాట శవం దగ్గర కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతుంటే, అత్తంటే కోడలికి ఎంత ప్రేమో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు.

మేనేజరు ఉత్తరం చెబుతుంటే కూడా ఇదే వరస. "రెండు పనులు జరిగాయనుకోండి. ముందు జరిగినదాని నెత్తిన 'హాడ్' పెట్టాలండీ" అని మొదలుపెట్టేవాడు. మేనేజరు చెవులు మూసుకుని, "గ్రామరు నీ తలనొప్పి. దిద్దుకుని పట్రా, సంతకం పెడతాను" అని పారిపోయేవాడు. పన్నెండేళ్ళుగా చదవకుండానే సంతకాలు పెడుతున్నాడు.

ఆ వర్షాకాలంలో ఒక ఉదయం నూలు విభాగంలో మిషను బెల్టు తెగి ఫిట్టరు చచ్చిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. నేల కడిగి, కొత్త బెల్టు బిగించి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ మిషను నడిపించారు. ఆ చప్పుడు మా గదిలోకి వినిపిస్తుంటే ఒక్కరం కూడా టిఫిను డబ్బా తెరవలేకపోయాం.

సాయంత్రం మేనేజరు వచ్చి ప్రమాదం రిపోర్టు చెప్పాడు. బెల్టు తెగేసరికి అతను ఇనప మూత తీసేసి ఉన్నాడని దాని సారాంశం. నడిచే మిషను మూత తీయకూడదని మిల్లు రూలు. అంటే తప్పు చచ్చినవాడిది. తప్పు అతనిదైతే అతని భార్యకి మిల్లులో ఉద్యోగం ఇవ్వనక్కర్లేదు.

మాస్టారి వేళ్ళు ఆగిపోయాయి. "అయ్యా, మీరు 'హాడ్'ని మూత మీద పెట్టారు. ముందు మూత తీశాడా, ముందు బెల్టు తెగిందా?"

"నీ గోల మొదలైందా? ఎల్లుండి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు. గ్రామరు నువ్వే చూసుకో" అని మేనేజరు వెళ్ళిపోయాడు.

మాస్టారు లేచి, ఎన్నడూ లేనిది, మిషన్ల షెడ్డుకి నడిచాడు. నేనూ వెనకాల వెళ్ళాను. ఫిట్టరు పక్కన పనిచేసిన, మిషన్లకి నూనె పోసే అతను చేతికి కట్టుతో మూల కూర్చుని ఉన్నాడు.

"ముందేం జరిగింది?" అని అడిగాడు మాస్టారు.

"బెల్టు తెగింది మాస్టారూ. తెగిన కొస నా చొక్కా పట్టి లోపలికి ఈడ్చేస్తుంటే, వాడు మూత తీసి నన్ను బయటికి తోశాడు."

"తర్వాత?"

"తర్వాత నేను బతికాను." కట్టు సవరించుకుని అన్నాడు, "మేనేజరుగారికీ చెప్పాను. రాసుకోలేదు."

మాస్టారు వచ్చి టైపు కొట్టాడు. మూత మీద ఉన్న 'హాడ్'ని తీసి బెల్టు మీద పెట్టాడు. అతను మూత తీసేసరికి బెల్టు తెగిపోయి ఉంది. మిగతాదంతా మేనేజరు చెప్పినట్టే ఉంచాడు.

"ఉద్యోగం ఊడుతుంది మాస్టారూ" అన్నాను.

"ఊడితే ఊడింది అంటాం. అది సింపుల్ పాస్టు, దానికి 'హాడ్' కూడా అక్కర్లేదు" అన్నాడు. కాగితం లాగి మేనేజరు గదికి పట్టుకెళ్ళాడు.

మేనేజరు అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు చదివాడు. నూనె పోసే అతన్ని పిలిపించి అంతా విన్నాడు. పాతబడ్డ బెల్టు మార్చకపోవడం మిల్లు తప్పేనని తేల్చి వెళ్ళిపోయాడు.

మేనేజరు మా గదిలోకి ఊడిపడ్డాడు. "ఆ ముక్క అక్కడ ఎవడు పెట్టమన్నాడు?"

"తమరే గ్రామరు చూసుకోమన్నారు కదండీ. రెండు పనులు జరిగాయనుకోండి..."

పాఠం పూర్తికాకముందే తలుపు ధడాలున మూసుకుంది. సొంత సంతకం పెట్టి ఉన్నాక ఉద్యోగం తీసేయడానికి కారణం దొరకలేదు. మాస్టారి కుర్చీని మరుగుదొడ్డి పక్కకి మార్పించాడు.

"ఎలా ఉందండీ కొత్త చోటు?" అని అడిగాను.

"ఇక్కడంతా వర్తమానకాలమే అమ్మాయ్" అన్నాడు ముక్కు మూసుకుని.

ఫిట్టరు భార్యకి మా ఆఫీసులోనే ఉత్తరాలు సర్దే పని ఇచ్చారు. ఆ పనికి నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలి. భోజనాల వేళ మాస్టారే నేర్పసాగాడు. ఒకరోజు ఆవిడ నోటుబుక్కు తొంగిచూశాను. 'మై హజ్బెండ్ ఈజ్ ఎ గుడ్ ఫిట్టర్' అని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పక్కన ఎర్రసిరాతో రైటు మార్కు.

ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగి అడిగాను. "మాస్టారూ, 'ఈజ్' అని ఉంది. 'వాజ్' అని దిద్దలేదేం?"

ఆయన ఎర్రకలానికి మూత పెట్టాడు. "ఆవిడ ఇంకా ఆ పాఠానికి రాలేదమ్మాయ్. తొందరేముంది?"

వర్తమానకాలం పాఠాలు ఆ ఏడాదంతా నడిచాయి.