సీసా మీద అక్క బొమ్మ

సీసా మూత తియ్యకముందే పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. సీసా మెడకు ఎర్ర రిబ్బను, పొట్ట మీద గుండ్రటి కాగితం, ఆ కాగితంలో అక్క. నవ్వుతోంది. ఫొటో తీస్తున్నారంటే చాలు, మూతి బిగించుకునే మనిషి అక్క. ఆ మూతిని ఎవరో కంప్యూటర్లో రెండు వైపులా సాగదీశారు. కింద వంకీల అక్షరాలు: 'పెద్దమ్మ చేతి బ్లూబెర్రీ కంపోట్'.

“మా అక్క పళ్లు ఇలా ఉండేవా?” అంది పిన్ని.

“పళ్ల సంగతి తర్వాత చూద్దాం పిన్నీ. మూత తీసి రుచి చూడు,” అన్నాడు బుజ్జి.

బుజ్జి అక్క కొడుకు. నలభై దాటాడు, నెత్తి మీద వెంట్రుకలు ఒకటొకటిగా సెలవు పుచ్చుకుంటున్నాయి, అయినా వీధికంతా బుజ్జే. అలాగే అతని తల్లి అందరికీ పెద్దమ్మ, ఈమె అందరికీ పిన్ని. బస్టాపుకి ఎదురుగా అక్కాచెల్లెళ్లు నడిపిన ఆ టిఫిన్ కొట్టులో వాళ్ల అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు. పెద్దమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

పిన్ని మూత తీసి, చెంచా ముంచి, నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆ చెంచాను బల్ల మీద పెట్టిన తీరు చూసి, గోడవార కూర్చుని పాన్‌కేక్ తింటున్న బస్సు డ్రైవరు తన ప్లేటును కాస్త అవతలికి జరుపుకున్నాడు.

“ఏమిట్రా ఇది?”

“కంపోట్.”

“నువ్వు కంపోట్ అంటే అయిపోతుందా? కంపోట్ అంటే రసంలో పళ్లు పళ్లుగా నిలవాలి. ఇది పాకం. పళ్లు అందులో ఈదలేక చచ్చిపోయాయి, తొక్కలు తేలుతున్నాయి.”

“అమ్మ నేర్పినట్టే చేశాను పిన్నీ. చక్కెర కొలత కూడా మార్చలేదు. వారంలో, ఇలాంటివి సీసాల్లో పెట్టి అమ్మే కంపెనీ ఆయన వస్తాడు. నువ్వు ఊ అంటే వాళ్ల ఫ్యాక్టరీలో మొదలుపెడతారు. అమ్మ పేరు నాలుగూళ్లలో ఉంటుంది.”

పిన్ని ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. సీసాను తిప్పి, అక్క మొహం గోడవైపు ఉండేలా పెట్టి, పెనం దగ్గరికి వెళ్లిపోయింది. కొట్టులో సగం వాటా ఆమెది. ఆమె కాదంటే బుజ్జి ముందుకు వెళ్లలేడు. కాని కాదనడానికి కారణం చెప్పాలి. ఆ కారణం నాలుక చివరే ఉంది. అదే ఆమెను కాల్చేస్తోంది.

మొగుడు పోయి, చంకలో బుజ్జితో అక్క తిరిగి వచ్చినప్పుడు పెట్టిన కొట్టు అది. పిన్ని అప్పటికి పెళ్లి చేసుకోలేదు, తర్వాతా చేసుకోలేదు. ఎవరైనా అడిగితే “తీరిక దొరకలేదండి” అనేది. పొయ్యి అక్కది, పెనమూ బల్లలూ పిన్నివి. పాన్‌కేకులు పొయ్యడం, బ్రెడ్డు కాల్చడం, ప్లేట్లు అందించడం, తిన్నవాడు లేవకపోతే లేపడం, తినకుండా లేస్తే కూర్చోబెట్టడం, అన్నీ ఆమే. అక్క గొంతు వంటగది దాటి వచ్చేది కాదు. కాని ఆమె గిన్నె వచ్చేది.

బ్లూబెర్రీలు ఇంటికి రాగానే అక్క వాటిని నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, పాత దుప్పటి మీద పరిచేది. తడి ఆరాక పిన్ని కూర్చుని తొడిమలు గిల్లాలి, మెత్తబడ్డవి ఏరాలి. తర్వాత పళ్లను రెండు వాటాలు చేసేవాళ్లు. మెత్తటివన్నీ ఒక వాటా, గట్టివి రెండోది. మెత్తటి వాటా అడుగు మందంగా ఉన్న గిన్నెలోకి వెళ్లేది, చక్కెరతో, నాలుగు చుక్కల నీళ్లతో. సన్నటి మంట. గరిటె ముట్టుకోనిచ్చేది కాదు. గిన్నెను రెండు చెవులూ పట్టుకుని అటూ ఇటూ ఊపేది, పిల్లాణ్ణి జోకొట్టినట్టు. పళ్లు ఒక్కొక్కటే టప్పుమని పగిలి, నీలం కాస్తా ఊదారంగుకి తిరిగి, గిన్నె అంచుల్లో నురుగు కట్టేది. అప్పుడు నిమ్మతొక్క తురిమి వేసేది. ఇంకా పల్చగానే ఉందే అనిపించే సమయానికే దించేసేది. కొత్తగా చేసేవాళ్లంతా తప్పు చేసేది అక్కడే. చిక్కబడలేదని ఉడికిస్తూ పోతారు, చల్లారాక చూస్తే జామ్. అక్క దించి, నిమ్మరసం పిండి, గట్టి పళ్ల వాటాను ఆ వేడిలో పోసి మూత పెట్టేది. అవి ఉడికేవి కావు, ఉలిక్కిపడేవి, అంతే. తినేటప్పుడు రసంతో పాటు ఒక్కో పండు నోట్లో పగిలేది.

వడ్డన పిన్నిదే అయినా రూలు మాత్రం అక్కది. వేడి దాని మీద చల్లటిది, చల్లటి దాని మీద వేడిది. పెనం మీంచి దిగిన పాన్‌కేకు మీదకి ఫ్రిజ్‌లోని కంపోట్, ఐస్‌క్రీమ్ మీదకి గిన్నెలోని కంపోట్. గడ్డ పెరుగు మీద వేస్తే కలపకూడదు, చెంచాతో అంచు నుంచి తవ్వుకుంటూ తినాలి. ఓట్స్ జావలో అయితే అడుగున పోయాలి, పైన కాదు. పైన పోస్తే మొదటి నాలుగు చెంచాల్లో అంతా అయిపోయి, మిగతా జావ దండగ. మిగిలిపోయిన కేకు ఎండిపోతే, గ్లాసులో ముక్కలు వేసి, మీద కంపోట్ పోసి, ఒక గంట ఆగి ఇచ్చేవాళ్లు. డ్రైవరు మాత్రం ఎండాకాలంలో సోడాలో రెండు చెంచాలు కలిపించుకునేవాడు. అక్క దాన్ని ఆమోదించలేదు, కాని “పాపం, ఇంజను పక్కన కూర్చునే మనిషి” అని ఊరుకునేది.

ఇదంతా అక్క జబ్బు పడకముందు.

చికిత్స మొదలైన రెండో నెలలో పిన్ని ఒకరోజు పొద్దున్నే గిన్నెలోది రుచి చూసి ఆగిపోయింది. తీపి. గొంతు పట్టేసే తీపి. అక్క కొలత తప్పిందేమో అనుకుంది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువైంది. నిమ్మరసం లేదు. గట్టి పళ్ల వాటా కూడా మొదట్లోనే పోసి ఉడికించేసింది. మందులు అక్క నాలుకను తినేశాయి. ఆ సంగతి అక్క ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటుంది? పక్క వీధి హోటల్లో జలుబుతో వండిన వంటవాడి గురించి ఆమే అనేది, “నాలుక లేని వంటవాడూ కళ్లు లేని డ్రైవరూ ఒకటే, ఇద్దర్నీ ఇంట్లో కూర్చోబెట్టాలి,” అని.

“ఎలా ఉందే?” అని అడిగేది అక్క, గిన్నె దించి.

“ఎలా ఉంటుంది? ఎప్పట్లాగే ఉంది,” అనేది పిన్ని.

అక్కకి అప్పటికి ఆయాసం. అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానుకుని వచ్చిన బుజ్జి, చెయ్యి పట్టుకుని ఆమెను వెనక గదికి నడిపించేవాడు. వాళ్లు అటు తిరగ్గానే పిన్ని గిన్నెలోంచి కొంత పాకం తీసి పారబోసి, నిమ్మకాయలు పిండి, విడిగా దాచుకున్న గట్టి పళ్లు పోసి మూత పెట్టేది. అక్క బతికున్నంత కాలం బయటికి వెళ్లిన ఏ గిన్నెలోనూ తేడా లేదు. డ్రైవరు ఏనాడూ మొహం చిట్లించలేదు. పెద్దమ్మ చేతి మహిమ అలాగే ఉందని అందరూ అన్నారు. అక్క వెనక గదిలో ఆ మాటలు వింది. విని నిద్రపోయింది.

ఆ నెలల్లోనే, పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని, అక్క కొడుక్కి నేర్పింది. బుజ్జి నేర్చుకున్నాడు, చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా. పాపం వాడి తప్పేముంది?

పిన్ని కోపానికి అందుకే దిక్కు దొరకలేదు. మందుల మీద కోపం. ఆ ఎర్ర రిబ్బను మీద కోపం. నోరు తెరిస్తే అక్క పరువు పోతుంది, మూస్తే అక్క మొహం ఆ పాకం మీద ఊరూరా నవ్వుతుంది. బతికుంటే అక్క దాన్ని ఒక్క చెంచా తిని ఉమ్మేసేది. వారమంతా పిన్ని గిన్నెలు దడదడలాడించింది.

కంపెనీ ఆయన మధ్యాహ్నం రద్దీ తగ్గాక వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. పిన్ని ఆయన ముందు రెండు గిన్నెలు పెట్టింది. ఒకటి బుజ్జి సీసాలోది, ఒకటి ఆ పొద్దున తను చేసింది. ఆయన రెండూ తిన్నాడు.

“రెండూ బాగున్నాయండి. కాని మీదాంట్లో పులుపు తగులుతోంది. పళ్లు కూడా పచ్చిగా ఉన్నాయి, షెల్ఫు మీద నాలుగు రోజులు ఆగవు. బాబుగారిదే మంచిది. పెద్దమ్మగారి అసలు రుచి.”

“మీరు మా అక్క చేతిది తిన్నారా ఎప్పుడైనా?”

“లేదండి. తినాల్సిన పని లేదు కూడా. రుచి ఎవరైనా చేస్తారు. అమ్ముడుపోయేది కథ. తల్లి చివరి రోజుల్లో కొడుక్కి నేర్పిన వంట. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?”

“ఆ చివరి రోజుల్లో మా అక్కకి నాలుక లేదండి,” అంది పిన్ని.

అనేసింది. డ్రైవరు సోడా గ్లాసు నోటి దగ్గరే ఆగింది. బుజ్జి అర్థం కానట్టు చూశాడు.

“మందులకి రుచి పోయిందిరా. తీపి తెలిసేది కాదు, పులుపు తెలిసేది కాదు. నీకు నేర్పింది ఆ వంట. మీరు అటు వెళ్లగానే నేను నిమ్మకాయలు పిండి, పాకం పారబోసి, పళ్లు పోసేదాన్ని. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు పరాయివాళ్ల ముందు చెప్పాల్సి వచ్చింది, ఈ రిబ్బను పుణ్యమా అని.”

బుజ్జి మొహంలో రంగు దిగిపోయింది. “అంటే అమ్మ నాకు నేర్పిందంతా...” అని ఆగిపోయాడు.

కంపెనీ ఆయన సీసా చేతిలోకి తీసుకుని ముందుకు వంగాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

“అయితే ఇంకా మంచిదండి. వేద్దాం. సీసా మీదే వేద్దాం. రుచి తెలియకపోయినా బిడ్డ కోసం వండిన తల్లి. ఇది చదివి ఏడవనివాడు ఉండడు.”

నలభై ఏళ్లుగా ఈ వీధిలో ఎవడికీ బాకీ పెట్టకుండా నోటితోనే జవాబిచ్చిన పిన్ని చెయ్యి గిన్నె మీదకి వెళ్లింది. విసిరేదేనేమో. ఈలోపు బుజ్జి లేచాడు. ఏ గొడవలోనూ గొంతు పెంచడు వాడు, అప్పుడూ పెంచలేదు.

“సీసా ఇలా ఇవ్వండి.”

“అదేంటి బాబుగారూ, మాట్లాడుకుందాం—”

“మా అమ్మ ఎవర్నీ ఏడిపించడానికి వండలేదండి. ఇవ్వండి.”

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే డ్రైవరు నిలబడ్డాడు. “బస్సు బయల్దేరుతోంది సార్. ఎక్కుతారా, నన్నెక్కించమంటారా?” అన్నాడు. ఆయన ఎక్కాడు.

షట్టరు సగం దించాక కొట్టులో ఇద్దరే మిగిలారు. బుజ్జి సీసాను నీళ్లలో నానబెట్టి, గోటితో ఆ కాగితం గీకుతూ కూర్చున్నాడు. పిన్ని బల్లలు తుడిచింది. తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

“నాకు ముందే చెప్పాల్సింది నువ్వు,” అన్నాడు, తల ఎత్తకుండా.

“చెప్పి? అమ్మకి నాలుక లేదని నీ మొహంలో చదివేసుకునేది అది. నీ మొహం అసలే అద్దం.”

“నాకు మిగిలింది అదొక్కటే పిన్నీ. అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నది. అదే తప్పని ఇప్పుడు చెప్తున్నావు.”

“తప్పని నేననలేదు. అమ్ముకోవద్దన్నాను. దాని పేరు పెట్టొద్దన్నాను. తినాలంటే తిను, నిన్నెవడు వద్దన్నాడు?”

వాడు నిజంగానే గిన్నె తీసుకుని, సీసాలోది వంపుకుని, తినడం మొదలుపెట్టాడు. పెరుగు లేదు, బ్రెడ్డు లేదు, ఉత్తదే. కళ్లు తుడుచుకోకుండా తింటున్నాడు. పిన్ని కాసేపు చూసింది. అక్క చేతిలోంచి దిగిన ఆ చివరి నెలల వంటను తను ఏనాడూ అక్క చేసింది చేసినట్టుగా తినలేదు. నాలుక చివర తగిలించి, ఠక్కున నిమ్మకాయ అందుకునేది. అన్నాళ్ల వంటలో ఒక్క గిన్నె కూడా కడదాకా అక్కదిగా ఉండనివ్వలేదు.

ఇంకో చెంచా తెచ్చుకుని వాడి పక్కన కూర్చుంది. నిండుగా తీసుకుని నోట్లో పెట్టుకుంది.

“ఛీ,” అంది. “ఏం తీపే తల్లీ ఇది. నీకు బుద్ధుందా అసలు? నాలుక పోతే పోయింది, కొలగిన్నె ఏమైంది? కళ్లున్నాయి కదా, చూసి పొయ్యొద్దూ?”

“ఎవర్ని తిడుతున్నావు?” అన్నాడు బుజ్జి.

“ఎవర్నయితే నీకెందుకురా? జరుగు,” అని, గిన్నెను తన వైపు లాక్కుని మళ్లీ చెంచా ముంచింది.