కంచం అడుగున పేరు

పిన్ని పోయిందని ఫోను వచ్చేసరికి నేను రుషికొండలో ఆఫీసు ముగించుకుని క్యాబ్‌లో ఇంటికొస్తున్నాను. ఫోను చేసింది మా వాచ్‌మన్ భార్య. మీ ఎదురు ఫ్లాటు పిన్నిగోరు మధ్యాన్నం భోంచేసి పడుకుని లేవలేదమ్మా అంది. ఆ పొద్దున్నే నా చేత బాల్కనీలో క్రిస్మస్ నక్షత్రం కట్టించుకుని, స్విచ్చి వేసి చూసి, "ఎలిగింది, స్తోత్రం" అన్న మనిషి. ఏడుపు తరవాత వచ్చింది. ముందొచ్చింది కోపం. ఆవిడకి రావలసింది రాకుండానే వెళ్ళిపోయింది. డబ్బూ కాదు, ఆస్తీ కాదు. ఒక ముసలాయన నోటి నుంచి ఒక్క మాట.

పిన్ని నాకు చుట్టం కాదు. మాది విజయనగరం అవతల పల్లె, ఉగాదీ నాగులచవితీ చేసుకునే ఇల్లు. ఆవిడ చర్చికెళ్ళే మనిషి. మధురవాడలో ఈ అపార్ట్‌మెంటులో మేము పాలు పొంగించుకున్న రోజున అగ్గిపెట్టె కనబడక నేను తిట్టుకుంటుంటే ఎదురు తలుపు తీసుకుని అగ్గిపెట్టెతో వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ పిన్ని, ఆవిడ భర్త బాబాయ్.

ఆవిడ స్తోత్రాలతో మొదట్లో నాకు విసుగొచ్చేది. కరెంటొస్తే స్తోత్రం. లిఫ్టు పనిచేస్తే స్తోత్రం. చేపలమ్మి నాలుగు కవ్వళ్ళు ఎక్కువేస్తే దేవుడికో స్తోత్రం, ఆ అమ్మికో స్తోత్రం. క్యాబ్ దిగాక డ్రైవర్ని పేరడిగి మరీ చెప్పేది. వాడు బిత్తరపోయి రేటింగు అడగడం మరిచిపోయేవాడు. ఊరికే థాంక్స్ అంటే పోదా పిన్నీ, పేరెందుకు అని ఒకసారి అడిగాను.

"పేరెట్టి సెప్పాలమ్మాయ్. లేపోతే ఎవరికి సెప్పినట్టు?" అంది.

బాబాయ్‌ది గోదావరి వైపు. పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారం పిన్నిని స్కూటరు మీద చర్చికి తీసుకెళ్ళి, లోపలికి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చుని పాటలు వినేవాడు. కానీ డిసెంబరొస్తే చర్చి గోపురం ఎక్కి నక్షత్రం కట్టేది ఆయనే. సీరియల్ బల్బులూ, పశువులపాకలో దీపాలూ, పండక్కి ముందు చేసే సెమీ క్రిస్మస్‌కి మైకు సెట్టూ అన్నీ ఆయన చేతి పనే. కూలి తీసుకునేవాడు కాదు. అక్కడి సంఘ పెద్ద, ఒక పెద్ద మనిషి, కింద నిలబడి కొంచెం ఎడమకి, కొంచెం కుడికి అని చెయ్యూపేవాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను.

బాబాయ్ పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చర్చివాళ్ళ సమాధుల తోటలో నా పక్కన నీకూ చోటుంటుందిలే అని పిన్ని ఆయనకి ఎన్నోసార్లు చెప్పింది. ఆయన నమ్మాడు. పెద్దాయన వచ్చాడు, శవాన్ని చూశాడు, ప్రార్థన చెయ్యలేదు. బాప్తిస్మం లేని మనిషికి తోటలో చోటు కుదరదమ్మా, రూలు రూలే అన్నాడు. పాస్టరుగారు కొత్త మనిషి, పెద్దాయన వెనకే వెళ్ళిపోయాడు. మర్నాడు సంఘం నుంచి ఒక్కరూ రాలేదు. రావద్దని ఎవరు చెప్పారో అందరికీ తెలుసు. గోదావరి నుంచి వచ్చిన బాబాయ్ తమ్ముళ్ళు శ్మశానానికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు రాకూడదని వాళ్ళంటే పిన్ని వినలేదు, బైబిలు చంకలో పెట్టుకుని పాడె వెనక నడిచింది. నేనూ నడిచాను. ఆ డిసెంబరులో గోపురం మీద నక్షత్రం కొంచెం వంకరగానే ఉంది. నాకు భలే సంతోషం వేసింది.

పిన్ని చర్చి మారలేదు. మారమని నేను పోరు పెట్టాను. నానెందుకెల్తానే, ఆడెల్లాలి గానీ అంది. ఏడాది చివర్లో వాళ్ళకి కృతజ్ఞత కూడిక ఉంటుంది. ఒక్కొక్కరూ లేచి ఆ ఏడు జరిగిన మేలుకి సాక్ష్యం చెప్తారు, మిగతావాళ్ళు స్తోత్రం అంటారు. ఆ మొదటి ఏడు నన్నూ తీసుకెళ్ళింది. ఆవిడ లేచి తెల్లచీర కొంగు సర్దుకుని, మెత్తగా, చదువు చెప్పినట్టు చెప్పింది. మన పెద్దాయన కోసం ప్రభువుకి స్తోత్రం, ఆయన వల్లనే నా భర్తని నాకు నేనుగా సాగనంపుకోగలిగాను, చర్చికి పని చేసిన మనిషికి చర్చిలో ఎంత చోటుంటుందో ఆయన వల్లనే తెలుసుకున్నాను అంది. అలవాటు కొద్దీ జనం స్తోత్రం అనేశారు. వేదిక మీద కూర్చున్న పెద్దాయన కూడా అన్నాడు, అన్నాక అర్థమైంది. ఓలమ్మ, ఆ మొహం చూడాలి మీరు. ప్రతి ఏడూ అదే సాక్ష్యం, అక్షరం తేడా లేకుండా. ఆపడానికి వాళ్ళకి దారి లేదు. స్తోత్రం చెప్పొద్దని చర్చిలో ఎవరంటారు?

కంచం సంగతి ఇంకా బాగుంటుంది. బాబాయ్ రిటైరైనప్పుడు పోర్టులో తోటివాళ్ళు పెద్ద స్టీలు కంచం ఇచ్చారు, నడిమధ్యలో ఆయన పేరు పెద్ద అక్షరాలతో కొట్టించి. క్రిస్మస్ రోజు పొద్దున్నే పిన్ని చేసిన అరిసెలూ కజ్జికాయలూ జంతికలూ ఆ కంచంలోనే పేర్చేది. ఆ కంచం వెళ్ళేది పెద్దాయన ఇంటికి, సీతమ్మధారకి. ఆటోలో నేనూ వెళ్ళేదాన్ని. పిన్ని వాళ్ళ గుమ్మంలో నిలబడి, మీ మేలు మరువలేదు అని నవ్వుతూ ఇచ్చి వచ్చేది. పైనున్నవి తింటుంటే కింద పేరు బయటపడుతుంది. సాయంత్రం వాళ్ళ డ్రైవరు కంచం తిరిగి తెచ్చేవాడు, తళతళా కడిగి, ఖాళీగా. మనలో ఎవరింటి గిన్నయినా ఖాళీగా తిప్పి పంపుతామా? చిటికెడు పంచదారైనా వేస్తాం. వాళ్ళు అదీ వేసేవారు కాదు.

ఒకసారి అరిసెలు వత్తుతూ అడిగాను, నిజం చెప్పు పిన్నీ, ఆయన్ని క్షమించేశావా అని. ఆవిడ నూనెలోంచి చూపు తిప్పలేదు.

"సమించానని నానెప్పుడన్నాను? అది అడిగినోడికి ఇచ్చేది. స్తోత్రమైతే అడక్కపోయినా ఇవ్వొచ్చు" అంది. అరిసె తిరగేసి, "మీ బాబాయ్ పేరెత్తి ఆడొక్కసారి నలుగుర్లో స్తోత్రం అనాల. అన్నాడా, మర్నాడే మానేత్తాను" అంది.

అనలేదు. పిన్ని పోయింది. తోటలో ఆవిడకి మంచి చోటే ఇచ్చారు, బాప్తిస్మం ఉంది కదా. పక్కన ఖాళీ నేల. అది చూసి ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు.

మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పెద్దాయన మైకు పట్టుకుని, ఈ సహోదరి క్షమాగుణానికి మాదిరి, ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి మిఠాయి తెచ్చేది, మనసులో ఏదీ ఉంచుకోలేదు అన్నాడు. వెనక వరసలో నేను పళ్ళు నూరిన చప్పుడు మా ఆయనకి వినబడిందట. నా మోచెయ్యి పట్టుకుని, కూర్చో, ఏటి సేత్తన్నావ్ అన్నాడు. భోజనాల పని చూడాలి అని లేచాను.

అందరికీ పేపరు ప్లేట్లు. పెద్దాయనకి మాత్రం నేను పైన పిన్ని ఇంట్లోంచి ఆ కంచం తెచ్చి, పెద్దవారు కదా అని మర్యాదగా ముందు పెట్టి, పేరు కనబడకుండా అన్నం వేసి పప్పు పోశాను. ఎంత వినయం ఈ అమ్మాయికి అన్నారు పక్కన కూర్చున్నవాళ్ళు. నేను కదల్లేదు. పప్పన్నం అయింది. సాంబారన్నం అయింది. పెరుగన్నంలో ఆయన వేళ్ళు ఒక్కసారి ఆగిపోయాయి.

"ఇంకొంచెం వెయ్యమంటారా?" అన్నాను.

చాలమ్మా అన్నాడు. కంచంలో చెయ్యి కడుక్కోలేదు. కంచం పట్టుకుని కుళాయి దగ్గరికెళ్ళి, తనే తోమి, తన కండువాతో తుడిచాడు. నేను వెనకే వెళ్ళి నిలబడ్డాను. నా వైపు చూడకుండా, గొంతు తగ్గించి, బాబాయ్ పేరు చెప్పి, మంచి మనిషమ్మా, అతని కోసం స్తోత్రం అన్నాడు. మీకు జాలేస్తుందేమో. నాకు వెయ్యలేదు.

"నాకు సెప్తారేటండీ. మైకు అక్కడుంది" అన్నాను.

ముగింపు ప్రార్థన ఎలాగూ ఆయనదే. చాలాసేపు చేశాడు. దేశం కోసం, పాలకుల కోసం, వర్షాల కోసం. ఎగ్గొడతాడనుకున్నాను. తరవాత తడిసిన కండువా భుజం మీద సర్దుకున్నాడు. బాబాయ్ పేరు చెప్పాడు, ఇంటి పేరుతో సహా. "మన గోపురం మీద నక్షత్రం కట్టిన మనిషి. అతనికి తోటలో చోటు లేదన్నది నేనే. అతని కోసం ప్రభువుకి స్తోత్రం" అన్నాడు. ముందు స్తోత్రం అన్నది నేను, నాగులచవితికి పుట్టలో పాలు పోసేదాన్ని, గట్టిగా అన్నాను. తరవాత అందరూ అన్నారు.

నా కోపం చల్లారిందని అనుకోకండి. వినాల్సిన మనిషి వినలేదు. మర్నాడే మానేస్తానన్నది పిన్ని, నేను కాదు. క్రిస్మస్ పొద్దున్న ఒంటిదాన్నే అరిసెలు చేశాను. పాకం ముదిరి గట్టిగా వచ్చాయి, అయితే ఏం, నమలనీ అనుకున్నాను. కంచంలో పేర్చి సీతమ్మధార తీసుకెళ్ళాను. పెద్దాయన తనే తలుపు తీశాడు. ఇంకా తెస్తావా అమ్మా అన్నాడు. మీ మేలు మరువలేదండి అని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం డ్రైవరు కంచం తెచ్చాడు, పైన తెల్లగుడ్డ కప్పి. ఎదురు బాల్కనీలో పిన్ని నక్షత్రం ఇంకా వేలాడుతోంది, స్విచ్చి వేసే మనిషి లేదు. గుడ్డ తీశాను. కంచం నిండా పంచదార. పేరు కనబడలేదు. వంటింటి గట్టు మీద పెట్టి, అక్షరాలన్నీ బయటపడేదాకా వేలితో పంచదార పక్కకి జరుపుతూ కూర్చున్నాను.