పెన్ డ్రైవ్ ఉన్నవాడిదే పేరు

మొన్న మ్యూనిక్‌లో మా పేట గ్రంథాలయానికి వెళ్ళి, మా అమ్మాయి పట్టా పుచ్చుకున్న ఫొటో ప్రింటు తీసుకుందామని అక్కడ అందరూ వాడుకునే కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్ తగిలిస్తే, మీకు అనుమతి లేదు అని తెర మీద ఒక్క ముక్క పడింది. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న విషయానికి అంత కోపమేమిటని మా ఆవిడ నవ్వింది గాని, ఆ కోపం నిన్నా మొన్నటిది కాదు.

డ్రెస్డెన్‌లో ఒక పరిశోధనశాలలో కొత్తగా చేరిన రోజుల్లో, మైక్రోస్కోపుకు తగిలించిన కంప్యూటర్ ఒక్కటే మా అందరికీ దిక్కు. ఎవరి పెన్ డ్రైవ్ వారు పెట్టుకుని, తీసిన బొమ్మలు పట్టుకుపోయేవాళ్ళం. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ బుల్లి వస్తువును తాళంచెవుల గుత్తికి తగిలించుకుని ఎంత దర్జాగా తిరిగేవాళ్ళమో. ఇంతలో ఎవరి డ్రైవ్ నుంచో వైరస్ ఒకటి దూరింది. దాంతో పెద్దాయన, అంటే మా విభాగాధిపతి, పర్మనెంటు వాళ్ళవి తప్ప ఇంకెవరి పెన్ డ్రైవూ అందులో పనిచేయకుండా సెట్టింగు మార్పించారు. కాంట్రాక్టు మీద ఉన్న మేమంతా అతిథుల లెక్కలోకి పోయాం. పొద్దస్తమానం ఆ యంత్రం ముందు కూర్చునేది మేమే, అతిథులమూ మేమే.

మాతో పనిచేసే వరంగల్ అక్క ఒకామె ఉండేది, తోడబుట్టినది కాకపోయినా నాకు అంతకు తక్కువేం కాదు. ఆమె చలికాలమంతా కూర్చుని తీసిన బొమ్మలు అందులోనే చిక్కుకుపోయాయి. వ్యాసం పంపాల్సిన గడువు దగ్గరపడింది. అనుమతి కోసం కంప్యూటర్ విభాగంలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, అడిగితే గడువు దాటాక ఇచ్చారు. చివరికి పక్క గదిలోని పర్మనెంటు ఉద్యోగి వాటిని తన పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అక్కకు ఇవ్వకుండా తిన్నగా పెద్దాయనకు పట్టుకెళ్ళాడు. వ్యాసంలో మొదటి పేరు అతనిదైంది, అక్క పేరు అడుగున కృతజ్ఞతల్లో తేలింది.

నేను వెళ్ళి నిలదీస్తే, ఫైళ్ళు తెచ్చింది అతనే కదా, నియమం అందరికీ ఒకటే అన్నారు పెద్దాయన. అందరికీ ఒకటే అయితే అక్క పెన్ డ్రైవ్ ఎందుకు పనిచేయలేదు మరి? బయట వరండాలో అక్క ఏడవలేదు.

"పని నాది, పెన్ డ్రైవ్ ఆయనది. గంతే గద తమ్మీ. మరి పేరు ఆయనదెట్లయితది?" అంది.

ఆ మాటే మర్నాడు అందరి ముందూ జర్మన్‌లో అడిగింది. పెద్దాయన తల దించుకున్నారు, ఆ పర్మనెంటు ఉద్యోగి కిటికీ వైపు చూశాడు, పేరు మాత్రం మారలేదు. ఆ వ్యాసం ఇప్పటికీ నెట్‌లో దొరుకుతుంది, చూసినప్పుడల్లా ముందు అడుగున ఉన్న అక్క పేరే వెతుక్కుంటాను.

అయినా ఒక్కోసారి ఆ రోజులే నయమనిపిస్తుంది. అన్యాయం చేసిన మనిషి ఎదురుగా ఉండేవాడు, అక్క అడిగితే తల దించుకోవలసి వచ్చేది. ఇప్పుడు తెర మీద అనుమతి లేదనేది ఎవరో తెలియదు. అడగాల్సిన మాట మన నోట్లోనే ఉండిపోతుంది, తల దించుకోవలసిన వాళ్ళు ఎక్కడో హాయిగా ఉంటారు.